కుక్క నోటి నుంచి బయటపడ్డ కోడిపిల్ల: గాయానికి ఇంట్లో చేయదగిన వైద్యం

పెరట్లో తిరిగే కోడిపిల్లను కుక్కో, బావురుపిల్లో, ముంగిసో పట్టుకోవడం, ఎవరో అదిలించగానే వదిలేసి పోవడం పల్లెల్లోనే కాక కాస్త ఖాళీ జాగా ఉన్న పట్నపు ఇళ్లలోనూ తరచూ జరిగేదే. అలా దక్కిన పిల్ల వీపు మీద తోలు రెండు మూడు అంగుళాల మేర ఊడి ఎర్రటి కండ బయటపడితే, ఇంట్లోవాళ్ల ఆలోచన సాధారణంగా రెండు దారుల్లో పోతుంది. ఇక బతకదు, కోసేయడమే మేలు అనేది ఒకటి. పసుపు మెత్తి గంప కింద మూసేస్తే, బతికేదైతే అదే బతుకుతుంది అనేది రెండోది. రెండు ఆలోచనలకూ మూలం గాయం కనిపించే తీరే గాని పిల్ల ఉన్న తీరు కాదు. కోడి తోలు పలచనిది, కింది కండకు వదులుగా అంటుకుని ఉండేది కాబట్టి సులువుగా చిరుగుతుంది. చిరిగినా మనిషి తోలులాగా ధారగా రక్తం కారదు. కండ దెబ్బతినకుండా, శుభ్రంగా, తడి ఆరిపోకుండా ఉంటే పెద్ద చిరుగు కూడా సాధారణంగా కొన్ని వారాల్లో అంచుల నుంచి లోపలికి పూడుతూ వస్తుంది. ఎదిగే వయసులో ఉన్న పిల్లలో ఈ పూడిక మరింత చురుగ్గా సాగుతుంది. భయంకరంగా కనిపించే గాయంతో చనిపోయే పిల్లల కన్నా దెబ్బ తగిలిన షాక్‌తో, ఈకల కింద ఎవరూ చూడని పంటిగాట్లతో, తోటి కోళ్ల పొడుపులతో, ఈగలు పెట్టిన పురుగులతో, కొన్నిసార్లు ఇంట్లోవాళ్లు పూసిన మందుతో చనిపోయేవే ఎక్కువ. అందువల్ల ఇంటి వైద్యంలో ఏ మందు పూయాలన్న ప్రశ్న కన్నా ఏ పని ముందు, ఏది తర్వాత అన్నదే ముఖ్యం.

మొదటి పని గాయం జోలికి పోవడం కాదు. వేట జంతువు నోట్లో పడి బయటపడిన పిల్ల కళ్లు సగం మూసి, మెడ ముడుచుకుని, ముట్టుకున్నా పెద్దగా కదలకుండా ఉంటే అది నెమ్మదించిందని అనుకోవడం పొరపాటు. అది షాక్. ఆ స్థితిలో దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి కడగడం, చుట్టూ మనుషులు మూగి చూడటం దాని ప్రాణానికే ముప్పు. ధారగా రక్తం పోతుంటే దాన్ని ఆపి, గాలి ఆడే అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి, చీకటిగా, సద్దు లేని చోట అరగంట నుంచి గంట సేపు వదిలేయాలి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. రక్తం పోయి, ఈకలు ఊడి, ఒళ్లు తడిసిన పిల్ల ఆ వేడిని నిలుపుకోలేదు. చలికాలమైనా, ముసురు పట్టిన రోజైనా పెట్టెకు ఒక పక్కన గోరువెచ్చటి నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పెట్టాలి, లేదా కొంత ఎత్తులో బల్బు వేలాడదీయాలి. వేడి పెట్టె మొత్తానికీ కాకుండా ఒక పక్కకే ఉంటే పిల్ల తనకు కావలసినంత దగ్గరికి జరుగుతుంది, ఎక్కువైతే తప్పుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో మాత్రం ఈ ఏర్పాటేదీ అక్కర్లేదు. నోరు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టిన పిల్లకు కావలసింది చల్లటి నీడే.

పిల్లను పట్టుకునే పద్ధతి కూడా వైద్యంలో భాగమే. పక్షులకు మనకున్నట్టు ఛాతీకీ పొట్టకూ మధ్య ఊపిరిని నడిపే కండర పొర ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే వాటికి ఊపిరి ఆడుతుంది. కదలకుండా ఉంచాలని రొమ్మును గట్టిగా నొక్కి పట్టుకుంటే, ఏ గాయమూ లేని పిల్ల కూడా ఊపిరాడక చనిపోతుంది. రెక్కలు మూసి ఉండేలా గుడ్డలో వదులుగా చుట్టి, తల మీద గుడ్డ కొస కప్పితే పిల్ల చాలావరకు గింజుకోకుండా ఉంటుంది.

రక్తం విషయంలో పిల్ల బరువును గుర్తుపెట్టుకోవాలి. అర కిలో తూగే పిల్ల ఒంట్లో ఉండే రక్తం మొత్తం దాదాపు 35 మిల్లీలీటర్లు. రెండు చిన్న చెంచాల రక్తం నేల మీద పడిందంటే నాలుగో వంతుకు పైగా పోయినట్టే. శుభ్రమైన గుడ్డతో అయిదు నిమిషాలు మధ్యలో ఎత్తి చూడకుండా అదిమి పట్టుకుంటే చాలా గాయాల్లో రక్తం ఆగుతుంది. ప్రతి అర నిమిషానికీ ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడిపోయి మళ్లీ మొదటికి వస్తుంది. తురాయి, గొంతు కింద వేలాడే ఎర్రటి తోలు చిన్నగా చీరుకుపోయినా రక్తం ఎక్కువగా పోతుంది. ఎదిగే పిల్లల్లో మరో చిక్కు ఉంది. కొత్తగా మొలుస్తున్న ఈకల గొట్టాల్లో రక్తం ప్రవహిస్తూ ఉంటుంది కాబట్టి, రెక్కలోనో తోకలోనో అలాంటి ఈకమొలక విరిగితే రక్తం చుక్కలు చుక్కలుగా చాలాసేపు కారుతుంది. చూసేవాళ్లు రెక్కంతా వెతికినా గాయం దొరకదు. విరిగిన మొలకను గుర్తించి దాని మొదలు దగ్గర అదిమి, కాస్త మొక్కజొన్న పిండి అద్దితే చాలాసార్లు సరిపోతుంది. ఈ పిండి ఈకమొలకలకు, విరిగిన గోళ్లకు మాత్రమే. తెరుచుకున్న కండ మీద చల్లితే అది మురికితో కలిసి పెచ్చు కడుతుంది.

పిల్ల తేరుకుని తల ఎత్తి చూడటం మొదలుపెట్టాక ఒళ్లంతా వెతకాలి. కనిపించే గాయం ఒక్కటే గాయమని అనుకోకూడదు. వేలిని గోరువెచ్చటి నీటిలో తడిపి ఈకలను వాలుకు ఎదురుగా పాయలు తీస్తూ మెడ మొదలు నుంచి తోక దాకా, రెక్కల కింద, తొడల లోపలి వైపు చూస్తే కందిగింజంత కూడా లేని ఎర్రటి చుక్కలు బయటపడతాయి. పిల్లి పళ్లు చేసే గాట్లు ఇలాగే ఉంటాయి. సన్నగా, లోతుగా దిగి, పైన వెంటనే మూసుకుపోతాయి. పిల్లుల నోట్లో సాధారణంగా ఉండే పాశ్చురెల్లా మల్టోసిడా అనే సూక్ష్మజీవి కోళ్లకు ఫౌల్ కాలరా అనే ప్రాణాంతక తెగులు తెచ్చే జాతికి చెందినదే. పైకి చీమ కుట్టినంత గాటు కనిపించి, ఆ రోజంతా బాగానే తిరిగిన పిల్ల రెండో రోజుకు చనిపోవడానికి తరచూ ఇదే కారణం. కాబట్టి పిల్లి కరిచిందని తెలిస్తే, గాయం ఎంత చిన్నదైనా మొదటి రోజే పశువైద్యుడికి చూపించి యాంటీబయాటిక్ మొదలుపెట్టించడం మంచిది. కుక్క సంగతి వేరు. అది పట్టుకుని విదిలిస్తుంది కాబట్టి తోలు ఊడటంతో పాటు కింద కండ నలిగి ఉంటుంది. ముంగిస మెడను పట్టుకుంటుంది. గద్ద గోళ్లు వీపు మీద గుండ్రటి రంధ్రాలు చేస్తాయి, అవి లోపలి దాకా దిగి ఉండవచ్చు.

ఈ పరీక్షలో రెండు గుర్తులను ప్రత్యేకంగా చూడాలి. వేలితో నొక్కినప్పుడు తోలు కింద గాలి బుడగలు కదిలినట్టు చిటచిటమంటే, లేదా మెడ, పక్క ఉబ్బుతూ పోతుంటే, ఒంట్లోని గాలి సంచుల్లో ఒకదానికి రంధ్రం పడిందని అర్థం. పక్షి ఊపిరితిత్తుల నుంచి గాలి సంచులు పొట్ట దాకా, కొన్ని ఎముకల లోపలి దాకా వ్యాపించి ఉంటాయి. భుజం దగ్గరి రెక్క ఎముక కూడా అలాంటి బోలు ఎముకే. ఇలాంటి గాయంలోకి సిరంజితో నీళ్లు కొడితే అవి నేరుగా ఊపిరి దారిలోకి పోతాయి. గాయం కడగబోయి పిల్లను ముంచేసినట్టవుతుంది. రెండోది, రొమ్ముకు పైన ఉండే మేతసంచి. గాయంలో నూకలు, తడిసిన దాణా కనిపిస్తే, తాగిన నీరు గాయం లోంచి కారుతుంటే ఆ సంచి చిరిగినట్టే. దాన్ని పొరలు పొరలుగా కుట్టాలి, అది ఇంట్లో చేసే పని కాదు.

తోలు తెగకుండా కమిలిన చోట రెండు మూడు రోజుల్లో చిక్కటి ఆకుపచ్చ రంగు తేలుతుంది. దాన్ని చూసి కుళ్లిందనుకుని పిల్లను కోసేసేవాళ్లు ఉన్నారు. మనిషి కమిలితే ఆకుపచ్చ రంగు పసుపుగా మారి పోతుంది. ఆ మార్పు చేసే ఎంజైమ్ కోళ్లలో లేకపోవడం వల్ల రంగు ఆకుపచ్చ దగ్గరే నిలిచిపోతుంది. దుర్వాసన లేకుండా, వేడీ మెత్తదనమూ మామూలుగా ఉన్న ఆకుపచ్చ మరక మానుతున్న గుర్తే. నల్లబడి, చల్లగా, అట్టలా గట్టిపడి, వాసన వేస్తేనే కండ చచ్చినట్టు.

ఇక కడగడం. గాయం మానడంలో సగం పని ఇక్కడే జరుగుతుంది, కానీ ఎక్కువమంది తొందరగా ముగించేది కూడా దీన్నే. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, అందులో 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో సమంగా కొలిచిన చెంచాన్నర కలిపితే ఒంటి ద్రవాలకు సరిపోయే ఉప్పు నీరు తయారవుతుంది. దాన్ని గోరువెచ్చగా, సూది తీసేసిన 20 మిల్లీలీటర్ల సిరంజితో, పక్కవాటుగా, మట్టీ ఈక ముక్కలూ పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ కొట్టాలి. ఒకసారి కడిగి ఊరుకోవడం కాకుండా, కారే నీరు తేటగా వచ్చేదాకా ఆగకపోవడమే ఇక్కడ కొలమానం. గాయం చుట్టూ ఉన్న ఈకలను కత్తెరతో కత్తిరించాలి. పీకితే పలచటి తోలు ఈకతో పాటు లేచి గాయం పెద్దదవుతుంది. ఊడిన తోలు ఇంకా ఒక పక్క అంటుకుని, ఎర్రగా తడిగా ఉంటే దాన్ని కత్తిరించకుండా, కడిగి మళ్లీ కండ మీద పరచాలి. అది అతుక్కున్నా అతుక్కోకపోయినా కొన్నాళ్లు కండను కప్పి కాపాడుతుంది.

కడిగాక ఏం పూయాలన్న దగ్గరే ఇంటింటికీ ఒక సిద్ధాంతం ఉంటుంది. బెటాడిన్ అందరికీ తెలిసిన మందు, మంచిదే. కానీ సీసాలోది ఉన్నదున్నట్టు రోజూ పోస్తే సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుట్టే కండ పొరను కూడా చంపుతుంది. ఒక వంతు మందుకు తొమ్మిది వంతుల ఉప్పు నీరు కలిపి, పలచటి టీ రంగు వచ్చేలా చేసి మొదటి రెండు మూడు రోజులు వాడితే చాలు. డెటాల్ వాసన చూస్తే శుభ్రమైందన్న నమ్మకం కలుగుతుందేమో గాని, తెరుచుకున్న కండను అది కాలుస్తుంది. నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ సంగతి కూడా అంతే. ఆ నురగలో పోయేది మురికి ఒక్కటే కాదు. కిరసనాయిలు, ఫినాయిలు, కలరా ఉండల పొడి పక్షి తోలు గుండా లోపలికి ఇంకే విషాలు; గేదె మెడ మీది పుండుకు పెద్దలు వాడిన టర్పెంటైన్ నూనె అర కిలో పిల్లకు ఆ లెక్కలో పనికిరాదు.

పసుపును తీసిపారేయవలసిన పని లేదు. అందులో వాపును తగ్గించే గుణం ఉందని పరిశోధనలు చూపుతున్నాయి. అయితే కడగని గాయం మీద పొడి పసుపు మందంగా మెత్తినప్పుడు అది రక్తంతో కలిసి గట్టి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు కింద మురికి అలాగే ఉండిపోతుంది. పైగా గాయం రంగు మారి లోపల ఏం జరుగుతోందో కనిపించకుండా పోతుంది. వేపనూనె ఈగలను తోలుతుంది కాబట్టి గాయం చుట్టూ, అంచులకు దూరంగా పలచగా రాయడం తెలివైన పనే, కానీ ఒళ్లంతా పూస్తే ఈకలు జిడ్డుపట్టి పిల్ల వెచ్చదనం పోతుంది. తేనె మానని గాయాలకు నిజంగానే మంచి పూత. మన ఇళ్లలో దానితో వచ్చే ఇబ్బంది చీమలు. పైన పలచటి కట్టు గుడ్డ (గాజ్) కట్టి, పెట్టె పెట్టిన స్టూలు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచగలిగితేనే తేనె జోలికి పోవాలి. గడ్డిచేమంతి ఆకు పసరు పిండటం పల్లెల్లో చిన్న కోతలకు అలవాటైన వైద్యం. నేల మీద కాళ్లకింద పడి ఉన్న ఆకును కడగకుండా నలిపి లోతైన గాయంలో పిండితే మట్టిలోని సూక్ష్మజీవులు కూడా దానితో వెళ్తాయి.

మందుల పెట్టెలోని ట్యూబులు వీటన్నిటికన్నా ప్రమాదకరం. మొద్దుబారేలా చేసే, పేరు చివర "కేయిన్" అని వచ్చే మందులు కలిసిన పూతలు పక్షులకు తక్కువ మోతాదులోనే గుండె మీద, నరాల మీద పని చేస్తాయి. దురదకు, తామరకు వాడే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్లు ఉంటాయి, అవి గాయం పూడటాన్ని ఆపుతాయి. నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్ మరీ చెడ్డది. ఈ మందు ఒంట్లో ఉన్న చచ్చిన పశువులను తిని రాబందులు మూత్రపిండాలు చెడి లక్షల సంఖ్యలో చనిపోవడంతో పశువైద్యంలో దీన్ని భారత ప్రభుత్వం 2006లో నిషేధించింది. కోళ్లలోనూ ఇది మూత్రపిండాలను దెబ్బతీసి, లోపలి అవయవాల మీద తెల్లటి యూరిక్ ఆమ్లం పేరుకునేలా చేస్తుంది. గాయం మీద రాసిన జెల్‌ను పిల్ల ముక్కుతో పొడుచుకుని మింగుతుందన్నది మరవకూడదు. టెట్రాసైక్లిన్ క్యాప్సుల్ విప్పి పొడి చల్లే అలవాటూ అంతే నిరుపయోగం. పొడి గాయాన్ని ఎండగడుతుంది, లోపలికి పోవలసిన మోతాదు మాత్రం పోదు.

కుట్లు వేయాలా అన్నది మరో ప్రశ్న. పందెంకోళ్లు పెంచేవాళ్లకు సూదీదారంతో గాయాలు కుట్టే అలవాటు ఉండటం వల్ల ఊళ్లో ఏ కోడికి దెబ్బ తగిలినా వారి సలహా అడగడం మామూలే. ఆ పందేలు చట్టవిరుద్ధమన్న సంగతి అలా ఉంచితే, కత్తి గాయానికీ పంటి గాయానికీ తేడా ఉంది. కరిచిన గాయం నలిగిన అంచులతో, లోపల మురికితో ఉంటుంది. దాన్ని కుట్టి మూస్తే మురికిని లోపల దాచినట్టే. తెరిచి ఉంచి, రోజూ కడుగుతూ, అడుగు నుంచి పూడనివ్వడమే దానికి సరైన దారి.

ఆ తెరిచి ఉంచిన రోజుల్లో అసలు శత్రువు ఈగ. వెచ్చటి వాతావరణంలో ఈగ పెట్టిన గుడ్లు ఒక్క రోజులోపే పగిలి పురుగులు బయటికి వస్తాయి. బియ్యపు నూక లాంటి తెల్లటి గుడ్ల గుత్తులు గాయం అంచున ఈకలకు అంటుకుని కనిపించినప్పుడే దువ్వి తీసేస్తే పని తేలిక. రెట్ట వేసే ద్వారం దగ్గర గాయముంటే రోజుకు రెండుసార్లు చూడాలి. పురుగులు పడితే ఉప్పు నీటితో ధారగా కొడుతూ, పైకి వచ్చినవాటిని చిన్న పట్టకారుతో ఏరాలి. ఒక్క పూటలో అన్నీ రావు, మర్నాడు మళ్లీ చూడాలి. లోతుకు పోయినప్పుడు ఐవర్‌మెక్టిన్ లాంటి మందు అవసరమవుతుంది, దాని మోతాదు బరువును బట్టి వైద్యుడే చెప్పాలి. దోమతెర కప్పిన పెట్టె ఈ బెడదను చాలావరకు తప్పిస్తుంది.

గాయపడిన పిల్లను మందలో ఉంచడం పనికిరాదు. ఎర్రగా కనిపించిన చోటును కోళ్లు పొడుస్తాయి. రక్తం రుచి చూసిన తర్వాత అది మందకంతా అలవాటవుతుంది, తల్లి కూడా ఆగదు. నీళ్లు తాగించడానికి నోరు తెరిచి పోయడం మరో సాధారణ పొరపాటు. నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. ముక్కు కొసను నీటిలో ముంచితే చాలు, శక్తి ఉన్న పిల్ల తానే తాగుతుంది. మొదటి రోజు లీటరు నీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఇవ్వవచ్చు. మేతగా తడిపిన స్టార్టర్ దాణా, ఉడికించిన గుడ్డు సొన, సన్నగా తరిగిన మునగాకు పెట్టాలి. కొత్త కండ పుట్టడానికి మాంసకృత్తులు కావాలి, వట్టి నూకలతో అవి రావు. పాత కుండలో పేడ, గడ్డి తడిపి బోర్లించి చెదలు పట్టించి కోడిపిల్లలకు పెట్టే పద్ధతి ఇప్పటికీ కొన్ని ఊళ్లలో ఉంది. జబ్బు చేసిన పిల్ల దాణా ముట్టకపోయినా కదిలే చెదలను పొడుస్తుంది. రెట్ట ముదురు ఆకుపచ్చగా, పలచగా పడుతుంటే కడుపులోకి మేత పోవడం లేదని గుర్తు.

గాయంలో చీము పట్టిందో లేదో చూసేటప్పుడు మనుషుల లెక్క పనికిరాదు. కోడి చీము కారదు. దాని తెల్ల రక్తకణాల్లో చీమును ద్రవంగా మార్చే ఎంజైమ్ లేనందువల్ల అది పసుపుపచ్చటి గట్టి ముద్దగా తోలు కింద పేరుకుంటుంది. ఎంత నొక్కినా రాదు, మందులు దాని లోపలికి పోవు. వైద్యుడు కోసి తీయవలసిందే. గాయం మీద పలచగా పరుచుకునే లేతపసుపు పొరను మాత్రం చీమని గీకకూడదు, మానే గాయంలో అది మామూలే.

తురాయి మీదా కళ్ల చుట్టూ నల్లటి పెచ్చులు లేస్తే అది పొడుపు గాయం కాక కోళ్ల మశూచి కావచ్చు. మెడ మెలితిరిగిపోతే దెబ్బ కన్నా ముందు కొక్కెర తెగులును (రాణిఖేత్ వ్యాధిని) అనుమానించాలి. ఏ గాయమూ లేకుండా మందలో కోళ్లు వరుసగా చనిపోతుంటే ఒట్టి చేతులతో ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు తెలపాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి తెలిసిందే. మామూలు గాయానికి చికిత్స చేసినా చేతులు సబ్బుతో కడుక్కోవడం తప్పనిసరి.

గాలి సంచికి, మేతసంచికి రంధ్రం, పేగు బయటికి రావడం, ఎముక తోలును చీల్చుకుని కనిపించడం, పిల్లి కాటు, రోజు గడిచినా మేత ముట్టకపోవడం, గాయం వాసన వేయడం: వీటిలో ఏది ఉన్నా ఇంటి వైద్యం ఆపి పశువుల ఆసుపత్రికి పోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. వైద్యుడు యాంటీబయాటిక్ రాసినప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మందు ఆపాక ఎన్ని రోజుల దాకా ఆ కోడి మాంసం, పెట్ట అయితే గుడ్లు తినకూడదో తెలుసుకోవాలి. ఆ గడువు మందును బట్టి మారుతుంది.

గాయం మీద తోలు కట్టి ఎరుపు పోయాక కూడా పిల్లను వెంటనే మందలో వదలకూడదు. కొత్తగా పొడుచుకొచ్చే ఈకమొలకల్లో రక్తం ఉంటుంది, అవి తోటి కోళ్ల ముక్కులను మళ్లీ ఆకర్షిస్తాయి. మొలకలు విచ్చుకుని ఈకలయ్యే దాకా జాలీ అవతల, మందకు కనిపించేలా ఉంచి, తర్వాత దాని ఈడు పిల్ల ఒకదాన్ని ముందుగా జత కలిపి, ఆ రెంటినీ కలిపి ఒకేసారి మందలోకి వదిలితే కొత్త కోడిని తరిమినట్టు తరమవు.